వడ్డీకి తెచ్చిన రాత్రులు

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాల్ని ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తిప్పడం తిరుపతిలో, చిత్తూరులో, పలమనేరులో కొన్ని ఇళ్ళ వంటగదుల్లో తెలుస్తుంది. ముందు వారం దాకా రాత్రి 9:30కి మొదలైన కాల్ ఆ సోమవారం నుంచి 10:30కి జరుగుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉదయం 9 గంటలే. తిని కూర్చోవాలా, లేచాక తినాలా అన్న చర్చ ఇంట్లో మళ్ళీ మొదలవుతుంది. సంకటి ముద్ద చల్లారిపోతోందని తల్లి, రెండే నిమిషాలని కూతురు. ఇక్కడి గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు, పొద్దు ఎప్పటిలాగే శేషాచలం కొండల వెనక్కి వాలింది, అయినా ఈ ఇంటి రాత్రిలోంచి ఒక గంట ఎటో పోయింది. ఎవరు తీసుకున్నారు? ఎవర్ని అడిగి తీసుకున్నారు? ఒక్క గంటకు ఇంత రాద్ధాంతమా అని కూడా అనిపిస్తుంది. కానీ చెప్పులో ఇరుక్కున్న ఇసుక రేణువు చిన్నదనే కదా దాన్ని దులపకుండా మైళ్ళు నడిచేస్తాం.

అదే వీధిలో ఇంకో ఇల్లు ఉంటుంది. కరకంబాడి వైపు నుంచో, శ్రీసిటీ నుంచో వచ్చే షిఫ్టు బస్సు దిగిన కొడుకు చెప్పులు విప్పుతూ ‘ఈ పొద్దు ఓటీ పడింది మా’ అంటాడు. ఓటీ అంటే ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నెలాఖరున జీతం చీటీలో ఒక వరుస ఎక్కువ. పక్కింటి ప్రోగ్రామరు అమ్మాయి నోట ఆ మాట రాదు. ఆమె అనేది ‘కొంచెం పనుంది’, ‘చిన్న ఇష్యూ’, ‘ఈ ఒక్క రిలీజు అయిపోతే చాలు’. గమనిస్తే ఈ మాటలన్నీ కుదించేవే: కొంచెం, చిన్న, ఒక్క. అబ్బాయి చేసిన అదనపు పనికి పేరుంది, అమ్మాయి చేసిన అదనపు పనికి విశేషణాలే ఉన్నాయి. పేరున్నదాన్ని లెక్కపెడతాం. విశేషణాలను ఎవరు లెక్కపెడతారు?

అబ్బాయి ఓటీకి వెనక చట్టం ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసి, గీత దాటితే రెట్టింపు కూలి అంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ 9ని 10 చేయాలని, మూడు నెలలకు 75 గంటలున్న ఓటీ పరిమితిని 144కు పెంచాలని నిర్ణయించింది. కార్మిక సంఘాలు రోడ్డెక్కాయి. ఎవరి వాదన నిజమన్నది వేరే సంగతి. ఇక్కడ చూడాల్సింది ఒకటే: పోట్లాడుకోవడానికైనా వాళ్ళ చేతిలో ఒక అంకె ఉంది. 75 పోయి 144 వస్తోందని వేలు పెట్టి చూపించగలరు. అమ్మాయి పనిచేసే ఆఫీసుకూ కాగితం మీద చట్టం లేకపోలేదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలనే మాట పెట్టారు. అయితే ఐటీ సంస్థలకు అందులో కొన్ని నిబంధనల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. హైదరాబాదులో హైటెక్ సిటీ 1998లో మొదలైనప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది పాత చిత్తూరు జిల్లా మనిషే, ఎస్వీ యూనివర్సిటీలో చదువుకున్నవారే. ఆ ఐటీ కలను నమ్మి ఇక్కడి మామిడి తోటల పక్కన ఇంజనీరింగ్ కాలేజీలు మొలిచాయి, పిల్లలు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు బస్సులెక్కారు. కలలో అన్నీ ఉన్నాయి గానీ, దీపం ఆర్పే వేళ ఏదో ఎవరూ రాసుకోలేదు.

దీపం ఆర్పే వేళ అంటే తిరుపతిలో ఎవరికైనా కొండ మీది ఏకాంత సేవ గుర్తొస్తుంది. అర్ధరాత్రి ఎప్పటికో స్వామిని పవళింపజేస్తారు, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో సుప్రభాతం. భక్తుల రద్దీలో పాపం స్వామికే కునుకు లేదని తిరుపతిలో అందరూ అనుకునే మాటే. అంతటి వాడికీ తప్పలేదు, మనమెంత అని రాత్రి పని చేసేవాళ్ళు నవ్వుకుంటారు కూడా. కానీ ఆ పోలిక మనం అనుకున్న వైపు నిలబడదు. ఎంత రద్దీ ఉన్నా పవళింపు అనే ఘట్టం మాత్రం ఎత్తెయ్యరు. నిద్ర కొంచెమే కావచ్చు, తలుపులు మూసే ఘడియ ఉంది. ధనుర్మాసంలో సుప్రభాతం బదులు తిరుప్పావై వస్తుంది, ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తి బదులు కృష్ణుడు పవళిస్తాడు. మార్పు జరిగితే ముందే పంచాంగంలో ఉంటుంది. 2020 మార్చి 20 నుంచి జూన్ దాకా భక్తులకు దర్శనం లేని రోజుల్లోనూ మేలుకొలుపు, పవళింపు ఏకాంతంగా సాగాయి. సరిగ్గా అవే నెలల్లో బెంగళూరు నుంచి లాప్‌టాప్ సంచితో ఊరు చేరిన పిల్లల పనికి మాత్రం ఆఖరి బస్సు పట్టుకోవాలన్న నెపం కూడా పోయింది.

స్వామికి ఇంకో పేరుంది, వడ్డికాసులవాడు. పెళ్ళికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాడని కథ. ఆ కథలో జనం అంతగా పట్టించుకోని వివరం ఒకటి నాకు ఇష్టం: దేవుడంతటి వాడూ పత్రం రాసే అప్పు తీసుకున్నాడు. బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఎంత అప్పు, ఎప్పటిదాకా, ఎవరి ముందు అన్నవి తేలాయి. సాఫ్ట్‌వేర్‌లో అడిగే అదనపు గంట ఇలాంటి అప్పు కాదు, అది చేబదులు. తెలిసినవాళ్ళు నవ్వుతూ అడుగుతారు, పత్రం ఉండదు, గడువు ఉండదు, ‘ఈ ఒక్కసారికి’ అనే మాటే పూచీ. చేబదులు ఇచ్చినవాడే మళ్ళీ అడగడానికి మొహమాటపడే విచిత్రం మనకు తెలియనిదా? నా వాదనంతా ఇదే. అదనపు గంట పాపమని అనను. సర్వరు పడిపోయిన రాత్రి, లక్షల మంది టికెట్లో డబ్బులో ఆగిపోయిన రాత్రి, ఎవరో ఒకరు మేలుకోవాల్సిందే. అప్పు లేకుండా సంసారమే నడవదు, ప్రాజెక్టు ఎలా నడుస్తుంది? కానీ పత్రం లేని అప్పు ఇచ్చినవాణ్ణే కాదు, తీసుకున్నవాణ్ణీ ముంచుతుంది.

తీసుకున్నవాణ్ణి ఎలా ముంచుతుంది? ప్రోగ్రామర్లు వారం వారం నింపే టైమ్‌షీట్‌ను దగ్గరగా చూడండి. సోమవారం 8, మంగళవారం 8, బుధవారం 8. కాంట్రాక్టులో క్లయింటుకు బిల్లు వేసేది అన్ని గంటలకే కాబట్టి గడిలో అంతకు మించి పడదు. బుధవారం రాత్రి 1 గంటకు కళ్ళు మండుతూ కోడు సర్వరుకెక్కించిన మనిషి గురువారం పొద్దున్నే అదే చేత్తో 8 అని నింపుతుంది. అది ఆమె అబద్ధమని అనలేం, ఆ గడికి నిజం పట్టదు. ఆర్నెల్ల తర్వాత కొత్త ప్రాజెక్టు వస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పమంటారు. మేనేజరు పాత టైమ్‌షీట్లు తీస్తాడు. రోజుకు 8 గంటల చొప్పున మూడు నెలల్లో అయిపోయిందని వాటిలో ఉంది. నిజంగా పట్టింది 12 గంటల చొప్పున మూడు నెలలు. తప్పుడు కొలతతో కొత్త గడువు పుడుతుంది, ఆ గడువు మళ్ళీ రాత్రుల్ని అడుగుతుంది, ఆ రాత్రులూ లెక్కకెక్కవు. అసలు తీరకపోగా వడ్డీ అసలులో కలిసిపోయే చక్రవడ్డీ ఇది. ప్రోగ్రామర్ల భాషలోనే ఈ పోలిక ముందునుంచీ ఉంది: తొందరలో అడ్డదిడ్డంగా రాసి వదిలేసిన కోడును ‘టెక్నికల్ డెట్’ అంటారు. 1992లో వార్డ్ కన్నింగ్‌హామ్ వాడిన మాట అది. కోడు అప్పును గుర్తించి పేరు పెట్టగలిగినవాళ్ళు, ఆ కోడు రాసిన మనిషి అప్పుకు పేరు పెట్టలేకపోవడం వింతే.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన నీతి కాదు. ఐబీఎం సిస్టమ్ 360 ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులో ఇంకా మనుషుల్ని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో తేల్చాడు. 1999లో కెంట్ బెక్ తన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో వారానికి 40 గంటలన్నదాన్ని ఒక నియమంగానే పెట్టాడు: ఒక వారం అదనంగా పని చేయొచ్చు, వరసగా రెండో వారం కూడదు. రెండో వారమూ అవసరం పడిందంటే తప్పు మనిషిలో లేదు, పథకంలో ఉంది. ఆర్థికవేత్త జాన్ పెంకవెల్ 2014లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మందుగుండు ఫ్యాక్టరీల లెక్కలు తిరగేశాడు. వారానికి 70 గంటలు పనిచేసినప్పుడు తయారైన సరుకు 56 గంటలప్పటి సరుకు కంటే ఎక్కువేమీ లేదని తేలింది. పద్నాలుగు గంటలు గాలికి పోయాయి. గుండ్లు చేసే పని వేరు, కోడు రాసే పని వేరు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. గుండ్లు చేసే చెయ్యి అలసిపోతే సరుకు తగ్గుతుంది. కోడు రాసే బుర్ర అలసిపోతే సరుకు తగ్గడంతో ఆగదు, తప్పులు పెరుగుతాయి. అర్ధరాత్రి దూరిన తప్పును వెతకడానికి మర్నాటి పగలు చాలదు.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళను ఈ విషయం అడిగితే పుస్తకాలు అక్కర్లేకుండానే చెబుతారు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండలో ఆరేస్తారు. ఆ పాలు సరిగ్గా పట్టకపోతే వెదురు కలం ఆనించగానే రంగు పాకిపోతుంది. నలుపు కావాలంటే ఇనుప ముక్కలు, బెల్లం కుండలో నానబెట్టి వారాల తరబడి పులియనివ్వాలి. రంగు రంగుకూ మధ్య ఉతకాలి, ఆరనివ్వాలి. గడువు దగ్గరపడిందని రాత్రి కూర్చుంటే బొమ్మలో నాలుగు గీతలు ఎక్కువ పడొచ్చు గానీ, కుండలో నలుపు తొందరగా పులుస్తుందా? ఆ పనిలో ఎదురుచూడటం పనికి బయట ఉండదు, పనిలోనే ఒక అంకం. ప్రోగ్రామింగ్‌లోనూ పులియాల్సిన భాగం ఉంది. సాయంత్రం ఎంత తలకొట్టుకున్నా దొరకని చిక్కు పొద్దున స్నానం చేస్తుంటే విడిపోవడం ఆ పనిలో ఉన్న ఎవరికీ కొత్త కాదు. నిద్ర తీసేసి గంటలు కలపడమంటే పాలు పట్టని గుడ్డ మీద బొమ్మ వెయ్యడమే.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: జీతం తక్కువిస్తున్నారా? ఫ్యాక్టరీ కుర్రాడికి రెండింతలో మూడింతలో తీసుకుంటూ గంటల లెక్కేమిటి? ప్రశ్నలో బలం ఉంది. ఈ జీతాలు ఇక్కడి ఇళ్ళకు మిద్దెలు కట్టాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాయి, తండ్రుల బాకీలు తీర్చాయి. అయినా ధర అంటే ఏమిటి? కిలోకు ఇంత అంటేనే ధర. బేరం కుదిరాక బస్తాలో ఎన్ని కిలోలైనా కూరుకోవచ్చంటే అది ధర కాదు. నెలకు 60,000 అనుకుందాం. వారానికి 45 గంటలైతే నాలుగు వారాలకు 180 గంటలు, గంటకు 333 రూపాయలు. వారానికి 70 గంటలైతే 280 గంటలు, గంటకు 214. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టింది ఈ రెండిట్లో దేనికి? జీతం పెద్దదే, కాదనను. ఎంతకు అమ్ముకున్నామో తెలుసు, ఎంత అమ్ముకున్నామో తెలియదు.

ఇంకో అభ్యంతరం మన నేల మీది నుంచే వస్తుంది, దానికి జవాబు చెప్పడం కష్టం. రైతు గంటలు లెక్కపెడతాడా? పాడి ఉన్న ఇంట్లో తెల్లారకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పిండాల్సిందే, ఆవుకు ఆదివారం తెలియదు. జూన్ వచ్చిందంటే చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. 2025లో అయితే రోజుల తరబడి నిలిచాయి, రైతులు అక్కడే పడుకున్నారు. ఏసీ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషి కష్టం ఈ కష్టం ముందు ఏపాటిది? నిజమే, పోటీ పెడితే ఓడిపోతుంది. కానీ ఒకరి కష్టం ఇంకొకరి కష్టానికి సమర్థన ఎప్పుడైంది? ట్రాక్టరు పక్కన పడుకున్న రైతు తన కొడుకును చదివించింది వాడూ అలా పడుకోకూడదనే కదా. పైగా మామిడికి మొదలూ చివరా ఉన్నాయి. కాయ అయిపోయాక చెట్టుకు విశ్రాంతి, చెట్టు కింద మనిషికీ కాస్త విశ్రాంతి. కాపు పోయాక కూడా కోత కొయ్యమనే తోట సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. రిలీజు వెనక రిలీజు.

దేశం కోసం అనే మాట కూడా ఉంది. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023 అక్టోబరులో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. యుద్ధం తర్వాత జర్మన్లు, జపనీయులు అలాగే నిలదొక్కుకున్నారన్నది ఆయన వాదం. ఆయన తరం పడిన శ్రమను తక్కువ చెయ్యనక్కర్లేదు. కాకపోతే తన పొలానికి రాత్రి నీళ్ళు కట్టేవాడూ, కూలికి కట్టేవాడూ ఒకే చలిలో తడిసినా, పంట ఇంటికొచ్చేది ఒకరికే. శరీరానికైతే ఈ తేడా కూడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రకటించిన అంచనాలో, వారానికి 55 గంటలు, ఆ పైన పనిచేసేవారికి 35-40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ఉంది. ఎక్కువ గంటల పనితో ముడిపడిన ఇలాంటి మరణాలు 2016లో ప్రపంచమంతటా 7,45,000. చేబదులుకు పత్రం లేకపోయినా వసూలు మాత్రం ఎక్కడో జరుగుతూనే ఉంది.

మేధకు సంబంధించిన పనిని గంటలతో కొలవలేమన్నది చివరి అభ్యంతరం. ఇది ప్రోగ్రామర్లే అంటారు, వాళ్ళకు ఫ్యాక్టరీ సైరను ఇష్టం ఉండదు. మధ్యాహ్నం నిద్రపోయి సాయంత్రం రాసుకునే వెసులుబాటు నిజంగా గొప్పదే. ఒప్పుకుంటాను, కొలవొద్దు. అలాంటప్పుడు పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతోందా లేదా అని చూడటం కూడా మానాలి. రాత్రి 11 గంటల మెసేజీకి వెంటనే జవాబిచ్చినవాళ్ళకు ‘కమిట్‌మెంట్’ ఉందనడం మానాలి. ఇచ్చేటప్పుడు గంటల్లో కొలవకూడదు, తీసుకునేటప్పుడు మాత్రం గంటల్లోనే తీసుకుంటామంటే ఎలా? తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేశాక జాతర ముగిసేదాకా ఊరు దాటి పోకూడదని పెద్దల మాట. ఇంటినుంచి పనిచేసే ప్రోగ్రామరు ఆ మాట తప్పదు, ఊళ్ళోనే ఉంటుంది. వీధిలో వేషాలు పోతుంటే కిటికీ తలుపు వేసుకుని, మైకు మ్యూట్ చేసుకుని కూర్చుంటుంది. ఊరు దాటింది ఎవరు అని గంగమ్మ అడిగితే ఏం చెప్పాలి?

తెలుగులో తీరిక అనే మాటను విడదీసి చూస్తే తీరడం కనిపిస్తుంది. పని తీరుతుంది, అప్పు తీరుతుంది, ఆ తర్వాత మిగిలేది తీరిక. పాత చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బడుల గురించి రాస్తూ, స్కూల్ అనే మాటకు గ్రీకు మూలంలో తీరిక అనే అర్థమని గుర్తుచేసేవాడు. దేనితోనూ నిండిపోని మనసే నేర్చుకోగలదని ఆయన నమ్మకం. రెండేళ్ళకోసారి కొత్త భాష, కొత్త పరికరం నేర్చుకోకపోతే వెనకబడిపోయే వృత్తిలో, ఇప్పుడు కోడును యంత్రమే రాసిపెట్టే రోజుల్లో, నేర్చుకునే తీరికను ముందుగా ఖర్చుపెట్టేయడం ఏ లెక్కన తెలివైన పని? యంత్రం మిగిల్చిన గంటల్లోకి తీరిక వస్తుందా, ఇంకో ప్రాజెక్టు వస్తుందా? వాటికీ ఓ పత్రం లేకపోతే రెండోదే వస్తుందని నా అనుమానం.

కాబట్టి అడగాల్సింది గంటలు తగ్గించమని కూడా కాదేమో, ముందు రాయమని. టైమ్‌షీట్ గడిలో 12 పట్టనివ్వండి. బిల్లు 8కే వెయ్యండి, కానీ 12 అన్నది ఎక్కడో ఒకచోట కనపడనివ్వండి. అది కనబడ్డ రోజు మేనేజరు తర్వాతి గడువు నిజమైన కొలతతో చెబుతాడు. రెండో వారమూ 12 కనబడితే పథకం తప్పని ఎవరో ఒకరు ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ రాత్రులకు బదులు సెలవిస్తారా, డబ్బిస్తారా అన్న మాట కనీసం మొదలవుతుంది. రాసిన అప్పు సిగ్గుపడుతుంది. రాయని అప్పుకు సిగ్గులేదు.

మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాల్ని మళ్ళీ ఒక గంట ముందుకు జరుపుతుంది. సోమవారం రాత్రి కాల్ తిరిగి 9:30కి వచ్చేస్తుంది. ఏడాదిలో ఆ పిల్ల ఇచ్చిన గంటలన్నిటిలో తిరిగొచ్చేది అదొక్కటే. అది ఎవరి దయ వల్లా రాలేదు. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో ముందే క్యాలెండరులో రాసి ఉంది కాబట్టి వచ్చింది.